అంచులమ్మ

మా అక్క ఎవరింటికి వెళ్లినా మనిషి కంటే ముందు మనిషి కూర్చున్న కుర్చీని చూసేది. అవతలివాళ్లు "రండి రండి, ఎన్నాళ్లకు" అంటుండగానే ఆమె చెయ్యి బల్ల కిందికి పోయి అంచు తడుముతూ ఉండేది. నేను పక్కనుంచి కాలు తొక్కేదాన్ని. "మనం మనుషుల్ని చూడ్డానికొచ్చాం తల్లీ, సామాను కొనడానికి కాదు" అని గొణిగేదాన్ని. ఆమెకు వినపడితే కదా.

మా వీధి నిండా పాత సామాన్ల దుకాణాలే. ఇల్లు మారేవాళ్లు, వాటాలు పంచుకునేవాళ్లు, పెద్దవాళ్లు పోయాక గది ఖాళీ చేసేవాళ్లు వదిలించుకునే మంచాలు, బల్లలు, బీరువాలు, తలుపులు ఆ వీధికి చేరతాయి. వాటిని కొని, విరిగినవి అతికి, మెరుగుపెట్టి మళ్లీ అమ్ముతారు. అక్కావాళ్ల ఇంటి ముందు గది కూడా అలాంటి దుకాణమే. మా బావ వడ్రంగి. అక్కది పాలిష్ పని. నేను రెండు సందుల అవతల కుట్టుమిషన్ పెట్టుకుని వాళ్ల సోఫాలకు గలీబులు కుట్టేదాన్ని. అక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె అంచులమ్మ.

ఆ పేరు ఊరికే రాలేదు. చెక్క పైభాగం ఎంత అందంగా ఉన్నా ఆమె చలించేది కాదు. నేరుగా అంచుకు పోయేది. అసలు చెక్కలో పైన కనిపించే చార అంచు దగ్గర ఒళ్లు తిప్పుకుని పక్కకు దిగుతుంది, అడ్డంగా కోసిన చోట వలయాలై తేలుతుంది. నకిలీలో పై చార అంచు వరకు వచ్చి ఠక్కున ఆగిపోతుంది, అక్కడి నుంచి వేరే పట్టీ అతికించి ఉంటుంది. లోపలున్నది ప్లైవుడ్డో, రంపపుపొట్టును జిగురుతో కలిపి అచ్చుపోసిన అట్టో అయి ఉంటుంది. మరీ చవక రకాల్లో చెక్క పొర కూడా ఉండదు, చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం ఉంటుంది. అలాంటి బల్ల మీద ఒకే రకం ముడి రెండు చోట్ల కనిపించిందని ఓసారి నాకు చూపించింది. "ఏ చెట్టుకైనా అచ్చం ఒకేలాంటి ముళ్లు రెండు పడతాయిటే? కవలల్ని కనడానికి అదేమన్నా కడుపా?" అంది. కడుపు చెక్కలయ్యేలా నవ్వాను ఆ రోజు.

సామాను కొనడానికి వెళ్లినప్పుడు చూడాలి ఆమె వైభవం. ఒక పెద్దాయన తన భోజనబల్ల గురించి, అది తాతల నాటిదనీ గట్టి టేకనీ చెప్పుకుపోతున్నాడు. అక్క ఈ లోపు బల్ల కింద వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. వేలి కణుపుతో కొట్టిన చప్పుడు, గోరుతో గీకిన చప్పుడు, వాసన చూసిన చప్పుడు. జుట్టు నిండా సాలెగూడుతో బయటికొచ్చి, "బల్ల మీ తాతగారిదేనండీ, కాదనను. టేకు మాత్రం కాదు" అంది. బావ మొహం తిప్పుకుని దగ్గుతున్నట్లు నటించాడు. అలా అని ఆమె ప్లైవుడ్డును అసహ్యించుకునేది కాదు. "ప్లైవుడ్డును ప్లైవుడ్డని చెప్పి అమ్ముకుంటే తప్పేముంది? దానికి టేకు వేషం వేస్తేనే నాకు ఒళ్లు మంట" అనేది.

బావను పెళ్లి చేసుకున్న కథ కూడా ఇదే. మా నాన్నకు పాలిష్ షెడ్డు ఉండేది. ఓ రోజు ఎవరో కొత్త వడ్రంగి పాలిష్‌కని ఒక స్టూలు తెచ్చాడు. పైన పొర అతికించి, అంచులకు అసలు చెక్క ముక్కలు పెట్టి, చారకు చార కలిసేలా కూర్చాడు. అక్క దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, మూల దగ్గర గోరు పెట్టి లేపింది. పొర లేచొచ్చింది. ఆ వడ్రంగి సిగ్గుపడకుండా నవ్వాడు. "పట్టుకునేవాళ్లు ఉన్నారో లేదో చూద్దామని" అన్నాడు. అక్క ఆ స్టూలు తీసుకెళ్లి వీధిలో పెట్టింది. వారం తిరక్కుండా అతను ఇంకో స్టూలు తెచ్చాడు. అదీ దొరికిపోయింది. తర్వాత ఇంకోటి. మా నాన్న మరీ అంత అమాయకుడేం కాదు. ఈ అబ్బాయి వస్తున్నది స్టూళ్ల కోసం కాదని ఆయనకు అర్థమైంది.

వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆ బాధ ఉందో లేదో నాతో ఎప్పుడూ అనలేదు. పొద్దున లేస్తే ఇద్దరూ ఒకే కప్పు కింద పని చేసేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. "ఏమయ్యా, ఈ సొరుగుకు చిత్రిక పట్టావా, గోళ్లతో గీకావా?" అని ఆమె. "ఏమోయ్, నీ పాలిష్ ఆరేలోపు నాకు ముసలితనం వచ్చేలా ఉంది" అని ఆయన. నేను మధ్యలో దూరితే ఇద్దరూ కలిసి నా మీద పడేవాళ్లు. బావ నన్ను ఏడిపించని రోజు లేదు. నా కుట్టు వంకర అనేవాడు. నువ్వు చేసిన కుర్చీయే వంకర, నా గలీబు దాన్ని బట్టే పోయింది అనేదాన్ని.

ఇంకొక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పాత సామానుకు గిరాకీ ఉండటంతో కొందరు కొత్తదాన్ని పాతదిగా చేస్తారు. గొలుసుతో బాది దెబ్బలు పెడతారు. సన్న డ్రిల్లుతో పురుగు బెజ్జాలు వేస్తారు. టీ డికాక్షన్ పూసి నల్లబరుస్తారు. అక్క అవి చూడగానే పక్కన పెట్టేసేది. ఎలా తెలిసిందని అడిగితే, "నిజంగా వాడిన బల్లకు దెబ్బలు దాని ఇష్టం వచ్చినచోట ఉంటాయి. దీనికి చూడు, అన్నీ మన కంటికి ఆనే చోటే ఉన్నాయి. నన్ను నమ్ము, నేను పాతదాన్నే అని బతిమాలుతోంది. బతిమాలే సామాను కొనకు" అంది. ఆ మాట ఇంకా నా చెవుల్లో ఉంది.

ఓ మధ్యాహ్నం పాలిష్ గుడ్డ చేతిలో ఉండగానే అక్క పీట మీద నుంచి పక్కకు ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రిలో బావ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే కూర్చోడు. చెట్టంత మనిషి, రెండు రోజుల్లోనే చొక్కా వదులైపోయింది. తర్వాత అక్క కళ్లు తెరిచింది. చెయ్యి కదిలింది, మాట వచ్చింది, నన్ను పేరుపెట్టి పిలిచి తల దువ్వుకోలేదేమే అని తిట్టింది కూడా. బావ దగ్గరికొస్తే మాత్రం కళ్లు మూసుకునేది, నీరసమేమోలే అని సరిపెట్టుకున్నాం. గండం గట్టెక్కిందనుకున్నాం. నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో.

ఇంటికి తెచ్చిన రోజు బావ ఆమెను ఆటోలోంచి ఎత్తుకుని దించబోయాడు. ఆమె ఒళ్లు బిగబట్టి వెనక్కి జరిగింది. నా వైపు తిరిగి చిన్నగా, ఆయనకు వినపడకూడదన్నట్లు అడిగింది.

"ఎవరే ఈయన?"

తమాషా చేస్తోందనుకున్నాను. "ఎవరో స్టూళ్లు అమ్ముకునేవాడులే" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. బావ మొహాన్ని పరీక్షగా చూసింది. చెవుల దగ్గర, మెడ పక్కన, వెంట్రుకలు మొదలయ్యే చోట. అది నాకు తెలిసిన చూపే. సామాను కొనేముందు చూసే చూపు.

"బాగా చేశారు" అంది. "అచ్చం మీ బావలాగే చేశారు. మీ బావేడీ?"

 బావ ఇంకా చేతులు చాపుకునే నిలబడి ఉన్నాడు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కళ్లు మొహాన్ని సరిగ్గానే గుర్తుపడుతున్నాయట. కానీ మనవాళ్లు కనిపించగానే లోపల 'నా మనిషి' అని కదిలేది ఒకటుంటుందట, ఆ దారి తెగిపోయిందట. పోలిక మొత్తం సరిపోయి, లోపల ఏమీ కదలకపోయేసరికి ఎవరో వేషం వేసుకొచ్చారని మనసు తేల్చేసుకుంటుందట. వాదించవద్దు, భయపెట్టవద్దు అంది. ఇంకోసారి ఇలాంటిది వస్తే మనిషి దక్కడం కష్టమని కూడా అంది. మరి నన్ను గుర్తుపట్టింది కదా అని అడిగాను. మరీ దగ్గరివాళ్ల విషయంలోనే ఇలా అవుతుంటుందని చెప్పింది. అంటే నేను అంత దగ్గరిదాన్ని కానా అని ఒక్క క్షణం నొచ్చుకున్నాను. మనసెంత వెధవదో చూడండి.

బావ మాత్రం ఒకే ఒక్క మాట పట్టుకున్నాడు. "ఒక్కసారి నన్ను నేననుకుని 'ఏమయ్యా' అంటే చాలు. ఆ తర్వాత ఏమైనా కానీ."

వాదించవద్దని చెప్పినా ఆగితేనా. ఆమె ముందు కూర్చుని చెయ్యి చాపి, ఉలి దిగిన మచ్చ చూపించాడు. "గుర్తుందా, నువ్వే కట్టుకట్టావు" అన్నాడు. ఆమె వేలు పట్టుకుని మచ్చను రాసి చూసి వదిలేసింది. మర్నాడు పెళ్లి ఫోటోలో వేసుకున్నలాంటి చారల చొక్కా ఎక్కడి నుంచో వెతికి తెచ్చి వేసుకున్నాడు. జుట్టు అప్పటిలా పక్కపాపిడి తీశాడు. స్టూళ్ల కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు, ఎవరు ఏమన్నారో మాటకు మాట. ఆయన చెప్పినకొద్దీ ఆమె మొహం గట్టిపడుతూ వచ్చింది. నాకు అప్పుడు తట్టింది ఆయన ఏం చేస్తున్నాడో. ఇన్నేళ్లు ఆమె పక్కన పనిచేసి కూడా ఆ మనిషి ఎంత పొరపాటు చేశాడు! దెబ్బలన్నీ తెచ్చి ఆమె కంటికి ఆనేచోట పెట్టాడు.

"చూశావా, మచ్చ కూడా పెట్టారు" అంది అక్క నాతో. "కథ కూడా నేర్పారు. మీ బావైతే ఇన్ని గుర్తుపెట్టుకుంటాడా? మా పెళ్లి ఏ నెలలో అయిందో అడిగితే తల గోక్కునేవాడు. ఈయన బతిమాలుతున్నాడే. నాకు భయంగా ఉంది, పంపించెయ్యి."

ఆయన లేచి దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో పడుకోలేదు. ముందు గదిలో అమ్మకానికి పెట్టిన మంచాల మీద పడుకునేవాడు. మంచం అమ్ముడుపోతే పక్క మంచానికి మారేవాడు. అక్క దగ్గర నేనుండిపోయాను. ఆమె అన్నం ముందు కూర్చుని, "మీ బావ ఎక్కడ తింటున్నాడో" అని ముద్ద కింద పెట్టేసేది. గోడకు అవతల ఆయన వింటూ ఉండేవాడు.  ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తిండి మానేస్తుంటే నేను ఎవరికని వడ్డించను?

కొన్నాళ్లకు బావ ఒక పని చేశాడు. నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. వయసొచ్చినప్పటి నుంచి ఉన్న మీసం తీసేశాడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. ఎప్పుడూ వేసుకోని రంగు చొక్కా వేసుకుని, వీధి గుమ్మంలో చెప్పులు విడిచి, పరాయివాడిలా నిలబడ్డాడు.

"పాలిష్ పని నేర్చుకుందామని వచ్చానమ్మా" అన్నాడు.

అక్క చాలాసేపు చూసింది. 

"మొన్న మా ఆయన వేషంలో వచ్చింది మీరే కదూ?"

"నేనేనమ్మా. తప్పయింది."

"ఇప్పుడు నయం. ఉన్నదున్నట్టు ఉన్నారు" అంది ఆమె. "మీరెవరైతే నాకెందుకు? పని చేస్తానంటే కూర్చోండి."

కూర్చోండి! ఈ ఇంట్లో బావను అండీ గిండీ అన్నవాళ్లు లేరు. ఆ మర్యాద వింటుంటే నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆయన మాత్రం బుద్ధిగా కూర్చున్నాడు. అప్పటి నుంచి అక్క ఆయన్ని కొత్తాయన అనేది. ఆమె ముందు నేను కూడా అలాగే అనాల్సి వచ్చేది.

ఇన్నేళ్లలో అక్క తన పాలిష్ గుడ్డను ఆయన్ని ముట్టుకోనిచ్చింది లేదు. ఇప్పుడు దగ్గరుండి నేర్పింది. లక్కను స్పిరిట్‌లో ఎంత నానబెట్టాలో, గుడ్డ ముద్దను ఎలా మడవాలో, చుట్టలు చుడుతూ చెయ్యి ఆపకుండా ఎలా పోవాలో. ఆపితే గుడ్డ అంటుకుని మచ్చ పడుతుంది. ఆయన ఆపేవాడు. ఆమెను చూస్తూ ఆపేసేవాడు.

"అబ్బ, మీదీ మేకులు కొట్టే చెయ్యేనండీ" అనేది. "మా ఆయనదీ అంతే. కానీ ఆయన చిత్రిక పట్టిన చెక్క ఉంది చూశారూ, దాని మీద చెయ్యి పెడితే తీయబుద్ధి కాదు. వేరేవాళ్లు చేసిన సామానుకు పాలిష్ వెయ్యాలంటే నాకు ఏడుపొచ్చేది. ఈ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే నెత్తికెక్కుతాడని."

"చెప్పాల్సిందమ్మా" అన్నాడు కొత్తాయన. కాసేపటికి స్పిరిట్ ఘాటు కళ్లకు పట్టిందని చెప్పి లేచి వెళ్లాడు. పెరట్లోకి వెళ్లి చూస్తే కుళాయి తిప్పి, నీళ్ల కింద తల పెట్టుకుని ఉన్నాడు.

ఫోన్ సంగతి అనుకోకుండా బయటపడింది. ఓ రోజు ఆయన కలప అడితికి వెళ్లి, అక్కడి నుంచి పాత అలవాటులో అక్కకు ఫోన్ చేశాడు. చేశాక గానీ తెలివి రాలేదట. నా మిషన్ అప్పటికే అక్కావాళ్లింటికి తెచ్చుకున్నాను, దాని ముందే కూర్చుని ఉన్నాను. అక్క ఫోన్ తీసింది.

"ఏమోయ్, స్పిరిట్ ఎన్ని సీసాలు తేను?"

అక్క మొహం నేను జీవితంలో మర్చిపోలేను. లోపలెవరో దీపం పెట్టినట్టయింది.

"ఏమయ్యా! ఎక్కడ చచ్చావు ఇన్నాళ్లు? ఒళ్లు బాగాలేక నేనిక్కడ పడుంటే ఒక్క మాట లేదు, మంతి లేదు! తిన్నావా? ఎక్కడున్నావు?"

 ఆయన గొంతు సవరించుకుని, దూరంగా ఏదో పెద్ద భవనానికి తలుపులన్నీ చేసే పని దొరికిందనీ, వదులుకోబుద్ధి కాలేదనీ ఏదో అల్లి చెప్పాడు. ఆమె నమ్మేసింది. పని పిచ్చోడివి అని తిట్టింది. తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. డాక్టరమ్మను అడిగితే, చూపుకు తెగిన దారి వినికిడికి తెగి ఉండకపోవచ్చు అంది. ఎదురుగా ఉంటే కళ్లు అడ్డం పడుతున్నాయి, గొంతొక్కటే అయితే నేరుగా లోపలికి పోతోంది.

అప్పటి నుంచి సాయంత్రం పని ఆపగానే కొత్తాయన "వెళ్లొస్తానమ్మా" అని బయలుదేరేవాడు. సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్ చేసేవాడు. గంటసేపు ఆయన మళ్లీ మా బావ. పోట్లాడుకునేవాళ్లు, ఎవరి సామాను ఎలా ఉందో చెప్పుకునేవాళ్లు. "ఎప్పుడొస్తావు?" అని ఆమె అడిగితే "తలుపులు అయిపోవాలి కదోయ్" అనేవాడు. మర్నాడు పొద్దున ఆయన పనిలోకి రాగానే అక్క మొదటి మాట, "మా ఆయన ఫోన్ చేశాడండీ!" ఏమేం మాట్లాడాడో అన్నీ ఆయనకే పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన మొదటిసారి వింటున్నట్లు "అలాగా అమ్మా" అంటూ గుడ్డ మడుచుకునేవాడు. తన సొంత మాటలు తనే వినడం ఎంత నరకమో ఆయనకే తెలియాలి. కానీ ఆయన ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు.

అయినా ఆశ ఊరుకోదు కదా. వానలు మొదలైన రోజుల్లో ఓ సాయంత్రం ఆయన నాతో, "గొంతు వింటూ ఉండగానే నేను కనిపించాననుకో, రెండూ కలుస్తాయేమో" అన్నాడు. వద్దని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఫోన్‌లో మాట్లాడుతూ సందు మొదట్నించి నడిచాడు. "వస్తున్నానోయ్. ఇదిగో తాళాల దుకాణం దాటాను. ఇదిగో మన అరుగు కనిపిస్తోంది." అక్క గబగబా తల దువ్వుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. పెళ్లినాడు కూడా అంత ఆత్రంగా లేదు. ఆయన మలుపు తిరిగాడు, చెవి దగ్గర ఫోన్‌తో, నవ్వుతూ.

అక్క చూసింది. చేతిలో ఫోన్ జారి కింద పడింది.

"ఆయన ఫోన్ వీడి దగ్గరుంది!" అని అరిచింది. "ఏం చేశావురా ఆయన్ని? ఎక్కడ పెట్టావు?" పరుగెత్తుకెళ్లి రెండు చేతులతో ఆయన మొహం మీద, గుండెల మీద కొట్టింది. గోళ్లు చెంప మీద గీసుకున్నాయి. దుకాణాల వాళ్లంతా బయటికొచ్చారు. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆమె పడిపోకుండా నడుం దగ్గర మాత్రం పట్టుకున్నాడు.

నేను ఆమెను లోపలికి లాక్కొచ్చేలోపు ఆయన టీ కొట్టు వైపు పరుగెత్తాడు. టీ కొట్టతని ఫోన్ అడిగి తీసుకుని అందులోంచి చేశాడు. "ఏమోయ్, నేను రాలేకపోయాను, పని నుంచి మనిషొచ్చి వెనక్కి లాక్కుపోయాడు. నా ఫోన్ పాడైతే బాగుచేయించమని ఆ కొత్తాయన చేతికిచ్చాను. ఆయన్నేం అనకు." ఎంత అతుకుల అబద్ధమో! అంత చురుకైన మనిషి దాన్ని కూడా నమ్మింది, గొంతు ఆయనది కాబట్టి.

మర్నాడు కొత్తాయన వచ్చేసరికి అక్క మందు పట్టుకుని కూర్చుంది. "తప్పుగా అనుకోకండి, తెలియక చెయ్యి చేసుకున్నాను" అని చెంప మీద గోటి గాట్లకు తనే రాసింది. జబ్బు చేశాక ఆమె ఆయన మొహం ముట్టుకోవడం అదే మొదలు, కొట్టిన దెబ్బలు తప్పిస్తే. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేను అక్కడ ఉండలేకపోయాను.

ఇంకెప్పుడూ అలాంటి ప్రయత్నం చేయనని ఆయన నాతో అన్నాడు. "దాన్ని భయపెట్టి నేను మొగుణ్ణి కానక్కర్లేదు. ఫోన్‌లో ఉన్నాగా. చాలు" అన్నాడు. చాలదని ఆయన మొహమే చెప్పేది.

రెండోసారి నరం చిట్లినప్పుడు అక్క మంచం మీదే ఉంది, పొద్దున టీ తాగుతూ. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పాల్సింది చెప్పింది. అక్కకు తెలివి ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది. మంచం కాళ్ల దగ్గర బావ నిలబడి, దుప్పటి మీద నుంచి ఆమె పాదం పట్టుకుని ఉన్నాడు.

"కొత్తాయన... దుకాణం వదిలేసి వచ్చారే పాపం" అంది అక్క. తర్వాత నా వైపు చూసింది. "బావకు ఫోన్ చెయ్యవే. తొందరగా."

బావ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గదిలో ఉంటే ఆమె పాదం పట్టుకోవచ్చు, కానీ పరాయివాడిగా. ఆమె మొగుడు కావాలంటే గది వదిలి వెళ్లాలి. ఆ క్షణాన దేవుడనేవాడు నా ఎదురుగా ఉంటే చెడామడా తిట్టి ఉండేదాన్ని. బావ దుప్పటి సర్ది, పాదం మీద చెయ్యి ఒక్కసారి గట్టిగా ఒత్తి, బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

ఫోన్ మోగింది. నేను ఒక చేత్తో దాన్ని అక్క చెవి దగ్గర పెట్టి, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఏమోయ్."

"ఏమయ్యా... ఎక్కడున్నావు?"

"వస్తున్నా. దగ్గర్లోనే ఉన్నా."

"ఒక మాట విను" అంది ఆమె. ప్రతి మాటకీ ఆయాసపడుతోంది. "నేను లేకపోతే... పాలిష్‌కి ఎవర్నో పెట్టకు. ఇక్కడ కొత్తాయనున్నాడు. బాగా నేర్చుకున్నాడు. పాపం ఎవరూ లేనట్టుంది ఆయనకు. మన మంచాల మీదే పడుకుంటాడు. పంపెయ్యకు. కోప్పడకు. నీతోపాటు కూర్చోబెట్టుకుని ఇంత అన్నం పెట్టు."

తలుపు అవతల ఏదో గోడకు కొట్టుకున్న చప్పుడైంది. ఫోన్‌లో మాత్రం ఆయన గొంతు స్థిరంగానే వచ్చింది.

"అలాగేనోయ్. నాతోనే ఉంచుకుంటాను."

"మంచోడయ్యా. నీ అంత కాదనుకో." పెదవి ఒక పక్కకు నవ్వింది. "ఎంతసేపట్లో వస్తావు?"

"వచ్చేశానోయ్. మెట్లెక్కేశాను. తలుపు దగ్గరే ఉన్నా."

అక్క మొహం తలుపు వైపు తిప్పింది. కళ్లు ఆ తలుపు మీద నిలబెట్టింది. ఆ తలుపుకు ఇవతల ఆమె, అవతల ఆయన. తీస్తే ఆమె కళ్లకు మళ్లీ ఆ వేషగాడే కనిపిస్తాడు. తీయకపోతే మా బావ బయటే ఉండిపోతాడు.

"ఏమోయ్, లోపలికి రమ్మంటావా?" అన్నాడు ఆయన.

ఆమె పలకలేదు. కళ్లు తలుపు మీదే ఉన్నాయి. నేను పట్టుకున్న చెయ్యి బరువైంది. నాకు తెలిసిపోయింది.

"ఏమోయ్, వింటున్నావా? నువ్వు రమ్మంటేనే వస్తాను. రానా?"

ఆ గొంతు నా చేతిలోంచి ఒకసారి, తలుపు అవతల నుంచి ఒకసారి వినపడుతోంది. ఇక భయపడేవాళ్లు ఎవరూ లేరు, రా బావా అని చెప్పాల్సింది నేనే. నోరు పెగల్లేదు. ఫోన్ కట్ చేయడానికి చేతులు రాలేదు.

ఆయన మళ్లీ అడిగాడు.